దారి తెలుపు విద్య



కాళిదాస మహాకవి మేఘసందేశమున యక్షుడు రామగిరినుండి అలకాపురికి మేఘుని పంపుచు, దారిలో తగులు నదులను, కొండలను, నగరములను వరుసగా వర్ణించి, ఎచ్చట విశ్రమింపవలెనో, ఎచ్చట నీరు గ్రోలవలెనో కూడ చెప్పి పంపును. అచ్చట పంపువానికి దారి యంతయు తెలియును. పోవువాడు దానిని మరువకుండిన చాలును. వార్త పంపుటకు ఇదియొక పద్ధతి. రామాయణమున సుగ్రీవుని పద్ధతి వేరు. సీతాదేవి యెచ్చటనున్నదో తెలియదు గనుక అతడు నాలుగు దిక్కులకును వానరులను పంపి, ఒక మాసము గడువు విధించెను. ఏదో యొక దిక్కున కార్యము ఫలింపకపోదని యతని నమ్మకము.

మూడవ పద్ధతియు నొకటి కలదు. అందు పంపువానికి దారి తెలియదు. పోవు వార్తకు దారి తెలియదు. నడుమనున్న మజిలీలలో ఏ యొక్కదానికిని దారి యంతయు తెలియదు. అయినను వార్త చేరును. నేడు ప్రపంచమంతటను కంప్యూటర్ల నడుమ వార్తలు నడచుచున్నది ఈ మూడవ పద్ధతిననే. ఈ శాస్త్రమునకు నెట్‌వర్కింగు అనియు, అందు దారి నిర్ణయించు భాగమునకు రౌటింగు అనియు పేర్లు. ఇంజినీరింగు కళాశాలలలో కంప్యూటరు శాఖవారికి ఇది ప్రవేశపాఠముగా చెప్పబడుచున్నది. ఈ ప్రసంగము ఆ పాఠమును గూర్చియు, దానిని చదివిన యొక బాలికను గూర్చియు.

ఆ బాలిక ఈ గ్రామపు బిడ్డయే. పేరు చెప్పుట ఆమెకు సమ్మతము కాదు. తండ్రి కాలువ శివారున కౌలుసేద్యము చేయువాడు. ఆ యింట కళాశాల మెట్లెక్కిన మొదటి వ్యక్తి ఆమెయే. పదవ తరగతివరకు తెలుగున చదివి, ఇంజినీరింగులో చేరి, హాస్టలు ఖర్చులకు తండ్రి తెచ్చిన అప్పును తలచుకొనుచు చదువుచుండెను. నెట్‌వర్కింగు పాఠము వచ్చునప్పటికి ఆమెకు ఆంగ్లపుస్తకము కొరుకుడు పడలేదు. హాస్టలులో చేతులు మారుచున్న నోట్సు నొకదానిని సంపాదించి, అక్షరము పోకుండ వల్లించి, మొదటి మిడ్ పరీక్షకు కూర్చుండెను. పరీక్షలో ఆమెకు వచ్చిన మార్కులు అత్యల్పములు. చిత్రమేమనగా, ఒకే ప్రశ్నకు తరగతిలో పెక్కుమంది ఒకే తప్పు సమాధానము వ్రాసిరి. ఆ తప్పు నోట్సులోనిదే.

అధ్యాపకురాలు ఆమెను పిలిపించి యిట్లనెను: "ఈ తప్పు నీదే అయితే దిద్దడం సులువమ్మా. ఇది నీది కాదు. ఎవరిదో తెచ్చి రాశావు. ఎవరిదో తెలియని తప్పును నేను ఎక్కడ దిద్దను?"

"తెలియదని రాస్తే మార్కులు రావు కదా మేడమ్" అని బాలిక మెల్లగా పలికెను.

"రావు. కానీ ఎక్కడినుంచి చెప్పుకురావాలో నాకు తెలుస్తుంది."

ఆ మాట ఆమెకు ఆనాడు ఓదార్పు కాలేదు. దసరా సెలవులకు ఇల్లు చేరినప్పుడు, చదువు విడిచి ఎచ్చటనైన కొలువున చేరి తండ్రి బాకీ తీర్పవలెనను తలంపుతోనే వచ్చెను. ఇంట ఆ మాట యెత్తలేక, పగలెల్ల ఈ గ్రంథాలయపు బల్లవద్ద పుస్తకము తెరచి కూర్చుండెను. కాలువలో వంతు నీటికై వేచియున్న తండ్రి రెండవనాటి సాయంకాలము అటు వచ్చి, ఆమె యెదుట కూర్చుండి, "ఏమి చదువుతున్నావో నాకూ కాస్త చెప్పమ్మా" అని యడిగెను. ఆమె చెప్పినదియు, ఆయన యడిగినదియు ఆనాడు బల్లచుట్టునున్నవారు వినిరి. శాస్త్రము గ్రామస్థులకు ఎట్లు బోధపడునో తెలియుటకు ఆ సంభాషణకంటె మంచి మార్గము లేదు.

మొదట ఆమె ప్యాకెట్టును గూర్చి చెప్పెను. పెద్ద గ్రంథమును టపాలో పంపవలెనన్న, కట్టకట్టి యొకేసారి పంపవచ్చును. లేదా పుటలు విడదీసి, ప్రతి పుటకును చిరునామా వ్రాసి, వరుస సంఖ్య వేసి, వేర్వేరుగా పంపవచ్చును. ఏ పుట ఏ దారిన వచ్చినను, చేరినచోట సంఖ్యలనుబట్టి కూర్చుకొందురు. పోయిన పుటను మాత్రము మరల తెప్పించుకొందురు. కంప్యూటర్లు ఈ రెండవ విధమునే యనుసరించును. ఆ పుటయే ప్యాకెట్టు. 1960 దశకమున అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డోనాల్డ్ డేవీస్ ఒకరితో నొకరికి సంబంధము లేకయే ఈ యూహను కనిపెట్టిరి. 1969 అక్టోబరు 29వ తేదీన అమెరికాలో లాస్ ఏంజలెస్ విశ్వవిద్యాలయమునుండి స్టాన్‌ఫర్డు పరిశోధనాసంస్థకు ఆర్పానెట్టు అను వలమీదుగా మొదటి సందేశము పంపబడెను. 'లాగిన్' అను మాట పంపబోగా, ఎల్, ఓ అను రెండక్షరములు చేరునప్పటికి అవతలి యంత్రము నిలిచిపోయెను. రెండక్షరములతో తడబడిన ఆ శిశువే నేటి ఇంటర్నెట్టు.

"మొదట్లో వాళ్లూ తప్పారన్నమాట" అని తండ్రి నవ్వెను.

తరువాత చిరునామా. ప్రతి కంప్యూటరునకు సంఖ్యలతో కూడిన చిరునామా యుండును. 1981లో ఖరారైన నాల్గవ పద్ధతి ప్రకారము అది ముప్పదిరెండు స్థానముల సంఖ్య. ప్రతి స్థానమునను సున్న గాని, ఒకటి గాని యుండును. అట్లు ఏర్పడు చిరునామాలు మొత్తము 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. ఇవి చాలకపోగా, తరువాత 128 స్థానముల చిరునామాను ఏర్పరచిరి. చిరునామాలో మొదటిభాగము ఊరివంటిది, చివరిభాగము ఇంటివంటిది. ఊరెచ్చట ముగిసి ఇల్లెచ్చట మొదలగునో తెలుపు సంఖ్యకు మాస్కు అని పేరు. బాలిక పరీక్షలో తప్పినది ఇచ్చటనే. 192.168.10.77 అను చిరునామాలో మొదటి 26 స్థానములు ఊరైనచో, ఆ యిల్లు ఏ భాగమునకు చెందును? ఇది ప్రశ్న.

తండ్రికి రెండ్ల లెక్క తెలియదు గనుక ఆమె భూమి లెక్కలోనికి దిగెను. "నాన్నా, 256 సెంట్ల చేను ఉంది. దాన్ని నలుగురు అన్నదమ్ములు సమానంగా పంచుకున్నారు. సెంట్లకు సున్నా నుంచి 255 దాకా నెంబర్లు వేస్తే, 77వ నెంబరు ఎవరి వాటాలో పడుతుంది?"

ఆయన వ్రేళ్లు మడువకయే చెప్పెను. "తలా అరవైనాలుగు. సున్నా నుంచి అరవైమూడు దాకా పెద్దవాడిది. డెబ్బైయేడు రెండోవాడిది. మరి గట్లకు ఎంత పోతుంది?"

బాలిక నిశ్చేష్టురాలయ్యెను. ఏలయనగా శాస్త్రమునందును సరిగా అట్లే కలదు. ప్రతి వాటాలోను మొదటి సంఖ్యను ఆ వాటా పేరుగా నుంతురు. చివరి సంఖ్యను అందరికి నొకేసారి చాటింపు వేయుటకు ఉంతురు. ఈ రెండును గట్లవలె పోగా, 64లో 62 మాత్రమే కాపురమునకు మిగులును. 77ను రెండ్ల లెక్కలో వ్రాసినచో 01001101 అగును. మొదటి రెండు స్థానములను మాత్రము నిలిపి తక్కినవానిని సున్నచేసినచో 64 వచ్చును. అదియే రెండవవాని వాటాకు ఆరంభము. మరి నోట్సులో ఏమి జరిగెను? మొదట వ్రాసినవారెవరో 26ను 25గా చదివి, నాలుగు వాటాలకు బదులు రెండే వేసిరి. అప్పుడు 77 మొదటి వాటాలో పడును. ఆ తప్పునే అందరును వల్లించిరి. ఈ గ్రామమున కరణీకము 1984లో రద్దయినది గాని వాటా లెక్క రద్దు కాలేదు. సర్వే నెంబరును, సబ్‌డివిజనును చదువనేర్చినవాడు ఈ పాఠపు మొదటి మెట్టు నెక్కినవాడే.

అప్పుడు తండ్రి అసలు ప్రశ్న యడిగెను. "బాగుంది. అయితే ఆ దారంతా ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలియదు నాన్నా" అని బాలిక చెప్పెను.

రౌటరనునది కూడలిలో నిలిచియున్న యంత్రము. దానియొద్ద నొక పట్టిక యుండును. ఈ భాగపు చిరునామా వచ్చినచో ఈ వైపునకు, ఆ భాగపుది వచ్చినచో ఆ వైపునకు పంపుమని మాత్రమే అందు వ్రాసియుండును. అది ప్యాకెట్టును తన పొరుగు రౌటరునకు అందించి ఊరకుండును. ఆ పొరుగు రౌటరు తన పట్టికను జూచుకొని ముందుకు పంపును. పూర్వము అంచె టపాలో నొక్కొక్క మనిషి తన అంచెవరకు మాత్రమే పరుగెత్తినట్లు ఇదియు నడచును. దారి తప్పిన ప్యాకెట్టు కలకాలము తిరుగకుండ దానికి ఆయుర్దాయము వ్రాయుదురు. రౌటరు దాటినప్పుడెల్ల అది యొకటి తగ్గును. సున్నయైనచో ప్యాకెట్టును పారవైచి, పంపినవానికి తెలుపుదురు. ఇది సుగ్రీవుని గడువువంటిదే. ఇక తన పట్టికలో దారి లేనిచో, మంచి రౌటరు ఏదో యొక దిక్కునకు త్రోసివేయదు. 'నాకు దారి తెలియదు' అని పంపినవానికి తిరుగు జాబు పంపును.

"మన లస్కరు లాంటివాడే" అని తండ్రి యనెను. ఆయన పోలిక సరియైనది. డెల్టా కాలువలపై ప్రతి లస్కరును తన లాకును మాత్రమే యెరుగును. ఆనకట్టనుండి శివారు వరకు పారు నీటినంతటిని ఏ లస్కరును చూడలేడు. ఎగువవాడు దిగువవానికి నిజము చెప్పినన్నాళ్లు నీరు శివారునకు చేరును.

పట్టిక లెట్లు తయారగునో చెప్పుటకు బాలిక పలకపై నాలుగు ఊళ్లను గీసెను. అ నుండి ఆ కు నాలుగు మైళ్లు, అ నుండి ఇ కి రెండు, ఇ నుండి ఆ కు ఒకటి, ఆ నుండి ఈ కి ఐదు, ఇ నుండి ఈ కి ఎనిమిది. అ నుండి ఈ కి దగ్గరి దారి యేది? చూపునకు ఆ మీదుగా పోవుటయే సులభముగా తోచును. అది తొమ్మిది మైళ్లు. ఇ మీదుగా తిన్నగా పోయిన పది. కాని ఇ కి పోయి, ఆ కు మళ్లి, ఈ చేరినచో ఎనిమిదియే. ప్రతిసారియు అన్నిటికంటె దగ్గరనున్న ఊరిని ఖాయము చేసికొని, దానిమీదుగా తక్కినవానికి దారి తగ్గునేమో చూచుకొనుటయే ఈ పద్ధతి. హాలండు దేశీయుడగు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1956లో ఆంస్టర్‌డాం నగరమున నొక కాఫీదుకాణములో కూర్చుండి, కాగితము గాని పెన్సిలు గాని లేకయే, ఇరువది నిమిషములలో దీనిని కనుగొనెను, 1959లో ప్రకటించెను. యంత్రము లేనిదే ఈ విద్య రాదనుకొను పల్లె విద్యార్థులు ఈ సంగతి గుర్తుంచుకొందురు గాక.

ఇంకొక పద్ధతి పొరుగువారి మాటలపై నడచును. ప్రతి రౌటరును 'ఫలానా ఊరికి నాకు ఇన్ని అంచెలు' అని పొరుగువారికి చెప్పుచుండును. వారు దానికి ఒకటి కలుపుకొని తమ పట్టికలో వ్రాసికొందురు. 1988లో గ్రంథస్థమైన రిప్ అను నియమావళి ఇట్టిదే. అందొక చిక్కు కలదు. తూర్పు, నడిమి, పడమర అను మూడు ఊళ్లు వరుసగా నున్నవనుకొందురు గాక. పడమరకు నడిమినుండి ఒక అంచె, తూర్పునుండి నడిమి మీదుగా రెండంచెలు. ఒకనాడు పడమరదారి తెగెను. నడిమివాడు ఆ మాట చెప్పుటకు ముందే తూర్పువాడు 'పడమరకు నాకు రెండంచెలలో దారి యున్నది' అనెను. అది తాను చెప్పిన మాటయేయని నడిమివా డెరుగక, ఒకటి కలిపి మూడని వ్రాసికొనెను. అది విని తూర్పువాడు నాలుగనెను. ఇట్లు లేని దారి యొకరినోట నొకరికి పెరుగుచు పోవును. పదునారు చేరినప్పుడు దారి లేనట్లేయని రిప్‌వారు హద్దు పెట్టిరి. అంతేకాక, ఎవరివలన విన్న వార్తను మరల వారికే చెప్పరాదని నియమించిరి.

ఇచ్చట బాలిక చెప్పుట మాని ఊరకుండెను. తండ్రి కారణ మడుగగా, హాస్టలు నోట్సు కథ యంతయు చెప్పెను. ఒకరు తప్పు వ్రాసిరి. రెండవవారు దానిని చూచి వ్రాసిరి. మొదటివారు రెండవవారి పుస్తకము చూచి, తమది సరియేయని ధైర్యము తెచ్చుకొనిరి. దారి యెప్పుడో తెగియున్నది; అందరును ఉన్నదని చెప్పుకొనుచునే యుండిరి. పరీక్ష తప్పినట్లు ఇంట తెలియుటయు అప్పుడే. చదువు విడుతునన్న మాటయు ఆమె అప్పుడే బయటపెట్టెను.

తండ్రి కొంతసేపు పలుకలేదు. పిమ్మట, "నాకు శివారు చేను. పైవాళ్లు నీళ్లున్నాయని అబద్ధం చెబితే నారు పోస్తాను, ఎండిపోతుంది. లేవని చెబితే పోయను, అంతే. లేదన్న మాటవల్ల నేను ఏనాడూ చెడిపోలేదమ్మా. నీకు రాదని నువ్వు చెప్పావు. ఇప్పుడిక రప్పించుకో. అప్పు సంగతి నేను చూసుకుంటాను" అనెను.

ఆమె చదువు మానలేదు. తక్కిన సెలవులలో ఇంకను రెండు ముఖ్యాంశములు చదివి, చదివినదానినెల్ల తండ్రికి తెలుగున చెప్పెను. వానిని గూడ సంగ్రహముగా వినుడు.

ఒకటి, రద్దీ. 1986 అక్టోబరులో అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయమునకును, 400 గజముల దూరముననున్న ప్రయోగశాలకును నడుమ వార్తలవేగము సెకనుకు 32 వేల బిట్లనుండి 40 బిట్లకు పడిపోయెను. తీగలు తెగలేదు. ప్యాకెట్లు పోయినకొలది కంప్యూటర్లన్నియు మరల మరల పంపుచు, దారినంతటిని క్రిక్కిరియజేసినవి. వాన్ జేకబ్‌సన్, మైకేల్ కారెల్స్ అను వారు దీనికి ఉపాయము చెప్పిరి. ప్రతి యంత్రమును కొద్దిగా మొదలుపెట్టి, జవాబు వచ్చినకొలది పెంచుకొనుచు, ప్యాకెట్టు పోయినదని తెలిసిన తక్షణమే తన పంపకమును తగ్గించుకొనవలెను. ఆజ్ఞాపించువాడు లేడు, ఎవరికి వారే తగ్గవలెను. వంతు నీటితో పంట పండించుకొను డెల్టా రైతునకు ఈ ధర్మమును వేరుగ బోధింపనక్కరలేదు.

రెండవది, మాట తప్పుటవలని నష్టము. దేశదేశముల సంస్థలు 'ఈ చిరునామాలకు దారి నాయొద్దనున్నది' అని ఒకదానికొకటి ప్రకటించుకొను నియమావళికి బి.జి.పి. అని పేరు. రెండు ప్రకటనలు వచ్చినచో, చిన్న భాగమును స్పష్టముగా తెలుపుదానినే రౌటర్లు నమ్మును. సర్వే నెంబరుకంటె సబ్‌డివిజను నెంబరు నిశ్చయమైనట్లు. 2008 ఫిబ్రవరి 24వ తేదీన పాకిస్తానులోని టెలికాం సంస్థ యూట్యూబును తమ దేశమువరకు ఆపదలచి, ఆ చిరునామాలలో నొక చిన్నభాగము తనయొద్దనున్నట్లు చేసిన ప్రకటన దేశము హద్దు దాటి బయటికి పొక్కెను. పైసంస్థ పరీక్షింపకయే దానిని లోకమునకు చాటెను. ప్రపంచమునలుమూలలనుండి యూట్యూబుకు పోవలసిన ప్యాకెట్లు కొన్ని గంటలపాటు ఆ దిక్కునకు మళ్లి నశించెను. అబద్ధమాడవలెనని ఎవరును తలపలేదు. చెప్పినవాడు హద్దు చూచుకొనలేదు, విన్నవాడు విచారింపలేదు. నాటినుండియు ప్రకటనలను సరిచూచు ఏర్పాట్లు పెరుగుచున్నవి.

సెలవుల పిమ్మట బాలిక కళాశాలకు పోయి రెండవ మిడ్ పరీక్ష వ్రాసెను. ఐదు రౌటర్ల చిత్రమిచ్చి పట్టికలు కట్టుమని యడిగిరి. ఆమె నాలుగింటిని తానుగా కట్టెను. ఐదవదానిలో సగమువరకు లెక్కచేసి, క్రింద, 'ఇంతవరకు నాకు తెలియును; ఇటుపైన తెలియదు' అని వ్రాసెను. మార్కులు మధ్యరకముగా వచ్చినవి. అధ్యాపకురాలు ఆ వాక్యము క్రింద గీతగీసి, ఆ వారమే ఆమెను కూర్చుండబెట్టి తక్కిన సగమును చెప్పెను. సంవత్సరాంతమున ఆమె ఆ పాఠమున ఉత్తీర్ణురాలయ్యెను. ప్రథమురాలు కాలేదు. తరువాత హాస్టలులో ఆమె నోట్సును అడుగవచ్చినవారికి పుస్తకమీయక, ప్రక్కన కూర్చుండి లెక్క చేయించెడిదని తెలియుచున్నది.

సభాసదులారా! గ్రంథాలయ మనునదియు నొక కూడలియే. ఇచ్చటి బీరువాలలో సర్వవిద్యలును లేవు, ఉండనేరవు. ఒక పుస్తకము తనకు తెలిసినంత చెప్పి, తరువాతి పుస్తకమునకు దారి చూపును. అట్లు చూపునది సత్యమైనచో చదువరి యెంతదూరమైనను పోగలడు. ఇరువదియైదేండ్లుగా ఈ బల్లవద్ద పత్రికలు చదివినవారును, ఉత్తరములు వ్రాయించుకొనినవారును, పరీక్షలకు చదివినవారును పెక్కుమంది. ఆ తండ్రియు కూతురును కూర్చుండినది ఈ బల్లవద్దనే. ఆనాడామె తెలుగున వ్రాసికొనిన ఎనుబది పుటల నోటుపుస్తకమును ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయమునకు సమర్పించినది. మొదటి పుటలో ఆమె పేరు లేదు. 'ఇందులో తప్పులుండవచ్చును, చేసి చూచుకొని నమ్ముడు' అని మాత్రము కలదు.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఆ పుస్తకపు అంచులు, దిద్దినవారి చేవ్రాతలతో నిండియుండు గాక!

స్వస్తి.